మోకాలి పక్క నరం

అనకాపల్లిలో నేను ఫిజియోథెరపీ గది తెరిచిన రెండో ఏడు అది. అనుభవం తక్కువే గాని, కాళ్ళూ చేతుల నరాల విషయంలో నా మీద నాకు గట్టి నమ్మకం. చదువుకునే రోజుల్లో బాల్‌పెన్నుతో నా కాళ్ళ మీదే నరాలు గీసుకునేదాన్ని. తొడ వెనకగా దిగిన నరం మోకాలి దగ్గర రెండుగా చీలి, ఒక పాయ బయటి పక్కకి తిరిగి, ఎముకని చుట్టుకుని పాదంలోకి వెళ్ళేదాకా గీస్తే గాని పుస్తకం మూసేదాన్ని కాదు. "ఎంత రుద్దినా పోవేటే ఈ గీతలు? రేపు చర్చికి ఇలాగే వత్తావా?" అని అమ్మ విసుక్కునేది.

నాట్ల రోజుల్లో ఒక ఉదయం కశింకోట పక్క పల్లె నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. ఆటో దిగి గుమ్మం దాకా రావడం కిటికీలోంచి చూశాను. కుడి మోకాలు బాగా పైకెత్తి, పాదాన్ని టప్పున నేలకేసి కొడుతూ నడుస్తోంది. జారిపోయిన చెప్పు భర్త చేతిలో ఉంది.

"పచ్చవాతం కొట్టేసిందండి," అన్నాడతను, ఆవిడ కూర్చోకముందే. "వారం నుంచి పసరు తాగిత్తన్నాం. ఇంక లేవదని మా అక్క సెప్పేసింది."

ఆవిడ నా మొహంకేసే చూస్తోంది. "నిజం సెప్పండమ్మా. మంచం పట్టేత్తానా?"

నా చేతులు పట్టుకోమన్నాను. వేళ్ళు నలిగేలా పట్టుకుంది. నవ్వమంటే నోరు వంకర పోలేదు. అరికాలికి నా అరచెయ్యి ఆనిస్తే గట్టిగా కిందికి నొక్కింది. పాదాన్ని లోపలికీ తిప్పింది. పైకెత్తమంటే మాత్రం అది కదల్లేదు, బయటికీ తిరగలేదు. పాదం మీద దూది రాస్తే తెలియలేదంది.

అప్పటికే నాకు అర్థమైపోయింది. మోకాలి బయటి పక్క, ఎముక గుబ్బ కిందుగా వేలితో తట్టాను.

"అమ్మో! కరెంటు కొట్టినట్టు పాదం దాకా లాగేసింది."

"ఈమధ్య జబ్బు చేసిందా?"

"టైఫాయిడొచ్చి సిక్కి సగమైపోయేను. లేవగానే నారు తీతకెల్లేను. మూడ్రోజులు పొద్దత్తమానం గొంతుక్కూర్చునే తీసేను."

"ఇది పక్షవాతం కాదు," అన్నాను. "పాదాన్ని ఎత్తే కండరాలకి వెళ్ళే నరం ఇక్కడ ఎముకని ఆనుకుని ఉంటుంది. జ్వరంతో పైనున్న కాస్త కొవ్వూ కరిగింది. అన్నేసి గంటలు గొంతుక్కూర్చునేసరికి నలిగిపోయింది. నరం తెగలేదు. మళ్ళీ మామూలుగా నడుస్తారు."

"పూచీ ఉంటారా?" అన్నాడు భర్త.

"ఉంటాను."

ఇప్పుడైతే అంత తొందరగా ఆ మాట అనను. విశాఖపట్నంలో నరాల డాక్టరుగారికి చూపించి రమ్మన్నాను. ఆయనా అదే చెప్పారు. పాదం వేలాడకుండా పట్టీ వేశాను, వ్యాయామాలు నేర్పాను, పొలానికి వెళ్ళొద్దన్నాను. మూడు వారాలు గడిచినా పాదం లేవలేదు. "అక్క మళ్ళీ పసరంటందండి," అన్నాడు భర్త ఒకరోజు, నా కళ్ళలోకి చూడకుండా.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే షేర్ ఆటో ఎక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ నేలపొయ్యి ముందు గొంతుక్కూర్చుని గొట్టంతో ఊదుతోంది.

"ఇలా కూర్చుంటే ఎలాగమ్మా?"

"పొలానికెల్లట్లేదు కదమ్మా! ఇలా కూకోపోతే వంటెలాగ?"

నాకు సిగ్గేసింది. ఆవిడ మోకాలి కింద ఏ కండరం ఎక్కడ మొదలవుతుందో చెప్పగలను గాని, ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ఎలా కూర్చుని చేస్తారో ఒక్కసారైనా అడగలేదు. తప్పు నాదేనని అక్కడే ఒప్పుకున్నాను. భర్త పెరట్లోకి వెళ్ళి ఇటుకలు మోసుకొచ్చాడు. నిలబడి వండుకునేలా పొయ్యికి నడుమెత్తున అరుగు లేపుతుంటే, ఇంక లేవదన్న ఆ అక్కే బురద కలిపి అందించింది.

తర్వాత నెలలోపే పాదం రవ్వంత పైకి లేచింది. చీలమండ ముందు స్నాయువు చర్మం కింద తాడులా బిగుసుకోవడం వాళ్ళిద్దరూ నేనూ చూశాం. బొటనవేలు ఎత్తడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఎత్తిన రోజు ఆవిడ దాన్ని పదిసార్లు ఎత్తీ దించీ చూసుకుని, "మరి నారు తీతకెల్లొచ్చా?" అని అడిగింది.

"వెళ్ళండి. పీట మీద కూర్చుని తీయండి. మధ్యమధ్యలో లేచి నడవండి."

మరుసటి ఏడు ఆవిడ నిజంగానే పీట పట్టుకెళ్ళింది. మడిలో ఆడవాళ్ళు మహారాణి వచ్చిందని నవ్వారట. నాలుగో రోజుకి వాళ్ళలో ఇద్దరు తలో చెక్కముక్కా తెచ్చుకున్నారని, బజారుకొచ్చినప్పుడు నా గుమ్మంలో నిలబడి చెప్పింది. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి.