అమ్మను మాట్లాడనిచ్చిన పాలసీ మామ

నా చిన్నప్పుడు తమిళనాడులో పెన్నాగరం దగ్గర, తెలుగువాళ్ళముండే మా పల్లెలో ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకాయన ఉండేవాడు. పిల్లలమంతా ఆయన్ను పాలసీ మామ అనేవాళ్ళం. బావులు తవ్వే మా నాన్న చేత పాలసీ కట్టించింది ఆయనే. ఆ రోజే అమ్మను వాకిట్లోకి పిలిచి, "ఇందులో నామినీగా నీ పేరు రాయించినాం చెల్లీ, తెలిసుండాల" అని చెప్పాడు.

మరుసటి ఎండాకాలం బావిలో రాయి జారి నాన్న పోయాడు. ఆ దుఃఖంలో మాకు ఏమీ తోచలేదు. పాలసీ మామే ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాల పనంతా పూర్తి చేసి, అమ్మను ధర్మపురి ఆఫీసుకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మా పెదనాన్న కూడా బయలుదేరాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడమనిషి చేతిలో డబ్బు నిలవదని నిజంగానే నమ్మేవాడు. అమ్మ ఆయన ముందు ఏనాడూ నోరు విప్పి ఎరగదు.

ఆఫీసులో అధికారి ఏది అడిగినా పెదనాన్నే జవాబు చెప్పాడు. చివరికి, "డబ్బు నా దగ్గరే ఉండనీండి సార్, ఆమెకేం తెలుసు?" అన్నాడు. అమ్మ నేల చూస్తూ కూర్చుంది. పాలసీ మామ అడ్డుపడతాడని ఆశగా చూశాను. ఆయనేమో లేచి, "రా అన్నా, టీ తాగొద్దాం" అంటూ పెదనాన్న భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు. మమ్మల్ని వదిలేశాడనుకుని నాకు ఏడుపొచ్చింది.

"మీరేమంటారమ్మా?" అని అధికారి అమ్మను అడిగాడు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలెత్తి, "నా మొగుడు నన్ను నమ్మి నా పేరు రాయించినాడు సార్. నా చేతికే ఇయ్యండి. నా బిడ్డల్ని నేను సాక్కుంటాను" అంది. ఇంట్లో తెలుగే మాట్లాడే అమ్మ, ఆ అధికారికి అర్థమయ్యేలా తమిళంలోనే అంది.

తిరుగు బస్సులో పెదనాన్న మాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నాడు. "నువ్వే ఒక మాట చెప్పింటే నాకింత బెదురుండేది కాదు కదన్నా" అంది అమ్మ పాలసీ మామతో.

"నేను చెప్పింటే అది నా మాట అయ్యేది చెల్లీ. రేపు ఇంటికాడ నిలబడాల్సింది నీ మాట" అన్నాడు మామ.

ఆ డబ్బుతో అమ్మ ఆవులు కొని, పాలు అమ్మి మమ్మల్ని పెంచింది. కొన్నాళ్ళకు పెదనాన్నే వచ్చి ఆవులకు కొట్టం వేసిచ్చాడు.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళకు తోడుగా నేను ఆఫీసులకు వెళ్తుంటాను. అధికారి ప్రశ్న వేయగానే జవాబు నా నాలుక చివరిదాకా వస్తుంది. పక్కనున్న ఆమె గొంతు సవరించుకునేదాకా దాన్ని అక్కడే ఆపుకుంటాను.