పస్తుండి అడిగిన క్షమాపణ

క్షమాపణ అడగడం మీద ఐదేళ్లు పరిశోధన చేసినవాడు, తీరా సొంత మేనమామను క్షమాపణ అడగబోయి చెల్లెలి పెళ్లికే ఎసరు పెట్టాడంటే మీరు నమ్ముతారా? నమ్మాలి. ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ నా మోకాళ్లు చురుక్కుమంటాయి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ముందే చెప్పేస్తే నవ్వేసి పేజీ తిప్పేస్తారు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. రాజమండ్రిలో మా మేడ మీద గదిలో కూర్చుని ఇంగ్లీషులో పీహెచ్‌డీ చేస్తుండేవాణ్ణి. మధ్యయుగాల్లో ఇంగ్లీషువాళ్లు దయకీ క్షమాపణకీ ఏ మాటలు వాడేవారు, ఎవరి ముందు వాడేవారు, వాడేటప్పుడు ఏం చేసేవారు అన్నది నా విషయం. వీధిలో ఎవరికి చెప్పినా "అలాగాండీ! మరి ఉద్యోగం ఎప్పుడొస్తుందండీ?" అనేవారు. వాళ్లకేం తెలుసు పాపం!

మీకు మాత్రం రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం అర్థం కాదు. ఇంగ్లీషువాళ్లకు మొదట్లో 'ఆర్', 'మిల్స్' అని సొంత మాటలు ఉండేవి. తర్వాత ఫ్రెంచి మాట్లాడే దొరలు వచ్చి 'మెర్సీ', 'పార్డన్' పట్టుకొచ్చారు. కొత్తవి వచ్చినా పాతవి వెంటనే పోలేదు, కొన్నాళ్లు 'మెర్సీ అండ్ మిల్స్' అంటూ జంటగా తిరిగాయి. 'మెర్సీ' అని మొరపెట్టుకునేవాడు తన తప్పేం లేదని వాదించడు. చేశాను, ఇక మీ ఇష్టం అని ఎదుటివాడి చేతిలో తన ప్రాణం పెట్టేస్తాడు. 'పార్డన్' అలా కాదు. అది ఇవ్వడానికి అధికారం ఉండాలి. రాజుగారిస్తే దానికి కాగితం, కాగితానికి ముద్ర. ఇవన్నీ నేను అన్నం తింటూ అమ్మకు వివరించేవాణ్ణి. అమ్మ శ్రద్ధగా విని, "సరేగానీ పప్పు వేసుకో" అనేది.

ఇంతలో మా చెల్లి శిరీషకి పెళ్లి కుదిరింది. నాన్న కల్యాణ మండపం వాళ్ల వెనకా వంటవాళ్ల వెనకా తిరుగుతున్నారు. అమ్మ కాలు బెణికి మంచం మీద ఉంది. నాకు అప్పగించింది ఒకే ఒక్క పని: పిఠాపురం దగ్గర పల్లెలో ఉండే మా సత్యం మావయ్యని పెళ్లికి పిలవడం.

మా వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చేది మేనమామ. అమ్మకు ఉన్నది ఒక్కడే అన్నయ్య. ఆయన రాకపోతే మా శిరీష బుట్టలో కూర్చుని దిక్కులు చూడాల్సిందే.

"ఒరే, నేను వెళ్లలేను కాబట్టి నా బదులు నువ్వెళ్లాలి," అంది అమ్మ. "కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసేను. కుంకుమ భరిణ, బట్టలు సంచిలో పెట్టేను. అత్తకీ మావయ్యకీ బొట్టు పెట్టి, బట్టలిచ్చి, నోరారా పిలిచి రా. మీ మావయ్య సంగతి తెలుసుగా!"

తెలుసు. కానీ అప్పుడు నేను నాలుగో అధ్యాయంలో పీకల్లోతు మునిగి ఉన్నాను. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ, ఈలోగా ఉంటుందిలే అని స్నేహితులకు పంపుతున్న శుభలేఖనే మావయ్యకీ వాట్సాప్‌లో కొట్టేశాను. దాని పైన 'డియర్ సర్ ఆర్ మేడమ్' అని ఉంది. అందరికీ ఒకేసారి పోయే సందేశం కదండీ, ఎవరు సారో ఎవరు మేడమో వాళ్లే తేల్చుకుంటారని అలా రాశాను.

మూడో రోజు పొద్దున్నే సుందరత్త, అంటే మావయ్య భార్య, అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్ పెట్టింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య మూడ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. మేనల్లుడు ఆయన్ని సారన్నాడంట. నన్ను మేడమన్నాడంట. పెళ్లికి రానంటున్నారు."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు వెళ్లలేదా?"

"పీడీఎఫ్ పంపానమ్మా."

"అంటే ఏంటి?"

"కార్డే. చాలా స్పష్టంగా కనపడుతుంది. వేళ్లతో లాగితే పెద్దది కూడా అవుతుంది."

అమ్మ కాలికి కట్టు ఉండబట్టి బతికిపోయాను. "ఇప్పుడే బయల్దేరు. ఆయన కాళ్లా వేళ్లా పడి తీసుకురా. లేకపోతే ఇంటికి రాకు!"

పరుగున వెళ్లి బస్సెక్కాను. ఎక్కాక చూసుకుంటే కార్డూ కుంకుమా ఉన్న సంచి ఇంట్లోనే ఉంది. నేనేం కంగారు పడలేదు. నా బుర్రలో ఐదేళ్ల చదువు ఉండగా సంచితో పనేంటి? కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. మెర్సీ కోరేవాళ్లు ఎలా వెళ్లేవారు? చెప్పుల్లేకుండా, ఒంటి మీద ఒక్క చొక్కాతో, మెడలో తాడుతో. మోకాళ్ల మీద కూలబడి, క్షమించేదాకా లేచేవారు కాదు. మెడలో తాడుతో వెళ్తే బస్సులో అపార్థం చేసుకుంటారు కాబట్టి అది మానేశాను. మిగతాదంతా చేయాలని నిశ్చయించుకున్నాను. దానికి నా సొంత మెరుగు ఒకటి చేర్చాను: ఉపవాసం. క్షమించేవరకూ పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదు. ఈ ఆలోచన వచ్చినందుకు సగం దారి దాటేదాకా నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను.

పిఠాపురంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మావయ్య వాళ్ల వీధి మొగలో దిగి, చెప్పులు ఆటోలోనే వదిలేశాను.

"చెప్పులు మర్చిపోయారండీ!" అన్నాడు ఆటో అతను.

"మర్చిపోలేదు. వదిలేశాను."

"ఈ ఎండల్లో ఏం దీక్షండీ ఇది?"

మే నెల మిట్టమధ్యాహ్నం. సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది. పాపం చేసినవాడు మెల్లగా, తలవంచుకుని నడవాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ నేను ఎగురుతూ, గెంతుతూ వెళ్లాను. గేటు తీసుకుని లోపలికి వెళ్లి, ఇంటి ముందు గచ్చు మీద రెండు మోకాళ్లూ ఆనించాను. చుర్రుమంది. లేవబోయి, పరిశోధకుణ్ణని గుర్తొచ్చి మళ్లీ ఆనించాను.

వసారాలో పడకకుర్చీలో కూర్చున్న మావయ్య పేపరు దించి చూశాడు. మళ్లీ పేపరు ఎత్తాడు. కానీ సుందరత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో! కళ్లు తిరిగి పడిపోయావా నాయనా? లోపలికి రా. మజ్జిగ తెస్తానుండు."

"వద్దత్తా," అన్నాను గంభీరంగా. "మావయ్య క్షమించేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను."

అత్త మొహం చూస్తే నాకేదో తేడాగా అనిపించింది గానీ, ఆపితే ఎలా? పాఠం మధ్యలో ఆపే అలవాటు నాకు లేదు.

"ఏమన్నావ్?" అంది అత్త. "మా ఇంట్లో మంచినీళ్లు ముట్టవా? మేమేం చేసేం నాయనా నీకు?"

"మీరేం చేయలేదత్తా, చేసింది నేను..."

"పొద్దున్న ఫోన్ చేసేక, నువ్వొస్తావని కందా బచ్చలి కూర చేసి ఆవ పెట్టేను. ముట్టవా?"

అప్పుడు అర్థమైంది, నేను వస్తానని వాళ్లకు తెలుసు. మావయ్య కట్టుకున్నది కూడా బయటికి వెళ్లేటప్పుడు కట్టే గంజి పంచె. పిలిస్తే చాలు, వచ్చేయడానికి ఆయన తయారుగా ఉన్నాడు. ఇంత కనపడ్డాక మామూలు మనిషైతే లేచి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్తాడు. నేను మామూలు మనిషిని కాదు కదా! బస్సులో రాసుకున్న కాగితం జేబులోంచి తీసి చదివాను.

"పూజ్యులైన మావయ్యగారికి. నేను నా అపరాధమును నిస్సంకోచముగా అంగీకరించుచున్నాను. తమ కరుణకు నేను అర్హుణ్ణి కాను. అర్హత లేనందువల్లనే అర్థించుచున్నాను..."

మావయ్య పేపరు మడిచాడు. "ఏంట్రా అది? కోర్టు కాగితమా?"

"కాదు మావయ్యా. పూర్వం ఇంగ్లండులో మెర్సీ అని ఉండేది. ఇలా మోకాళ్ల మీద కూర్చుని అడిగేవారు."

"ఎవరు? మేనల్లుళ్లా?"

"కాదు మావయ్యా. యుద్ధంలో ఓడిపోయినవాళ్లు. గెలిచిన రాజుని."

"అంటే నేను నీకు శత్రువునా?"

"అయ్యో! అలా అని కాదు. పోనీ పార్డన్ తీసుకోండి. అది మరణశిక్ష పడ్డ ఖైదీలకి కూడా..."

"ఒరే, నేను నిన్ను ఉరి తీస్తున్నానా?" మావయ్య లేచి నిలబడ్డాడు. "నీ చిన్నప్పుడు నిన్ను భుజాలెక్కించుకుని తిప్పేను. కోరుకొండ కొండ మీదికి మెట్లన్నీ నిన్ను మోసుకుంటూ ఎక్కేను. ఇవాళ నేను రాజునీ, సారునీ అయిపోయేనా? క్షమాపణలు పరాయివాళ్లు అడుగుతారు. నీళ్లు ముట్టనని పగవాళ్లు అంటారు. బానే ఉంది. బుట్ట మోయడానికి ఆ ఇంగ్లండు నుంచే ఎవర్నైనా తెచ్చుకోండి!"

విసురుగా లోపలికి వెళ్లి గది తలుపు వేసుకున్నాడు. పక్కింటి ఆయన గోడ మీదుగా తల పెట్టి, "అబ్బాయికి వడదెబ్బేమో అండీ, ఉల్లిపాయ ఉంటే వాసన చూపించండి" అని సలహా ఇచ్చాడు. అత్త కళ్లొత్తుకుంటూ అమ్మకు ఫోన్ కలిపి, నా చెవి దగ్గర పెట్టింది.

"మావయ్య ఒప్పుకున్నాడా?" అంది అమ్మ.

"లేదమ్మా. ఇంకా పెరిగింది."

"భోంచేసేవా?"

"లేదు. ఉపవాసం ఉంటానన్నాను."

అమ్మ గొంతు వణికింది. "ఒరే, శిరీష పెళ్లిరా. దానికున్నది ఒక్క మావయ్యరా. అలిగి కూర్చున్న ఇంటికెళ్లి అన్నం వద్దంటావా? నీ చదువు తగలెయ్య! వెళ్లి కంచం ముందు కూర్చో."

అమ్మ తిట్టడం నాకు అలవాటే. కానీ గొంతు వణకడం ఎప్పుడూ వినలేదు. నిజంగా భయమేసింది. బుట్ట ముందు మేనమామ లేక తలదించుకున్న శిరీష కళ్లకు కట్టింది. పుస్తకాలన్నీ ఒక్కసారిగా బుర్రలోంచి ఖాళీ అయిపోయాయి. లేచాను. మోకాళ్లు సహకరించలేదు, గోడ పట్టుకుని లేచాను. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"అత్తా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

అత్త కంచం పెట్టింది. తిన్నాను. ఆమె అడక్కుండానే మళ్లీ వడ్డించింది. అదీ తిన్నాను. కంద ముక్క మెత్తగా వెన్నలా ఉంది, ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలో ఆవ వాటా ఎంతో, నా వాటా ఎంతో నాకే తెలియదు. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టబోయి, పక్క గదిలో మావయ్య ఉన్నాడని గుర్తొచ్చి తీసేశాను. ముద్ద గొంతు దిగడం లేదు. అయినా సరే, తిన్నాను. నా జీవితంలో అంత కష్టపడి ఏ పరీక్షా రాయలేదు.

ఇక నా వల్ల కాక, చెయ్యి కడుక్కుందామని లేవబోతుంటే గది తలుపు కిర్రుమంది.

"పెరుగు వేసుకోకుండా లేస్తావేంట్రా?" అన్నాడు మావయ్య.

మళ్లీ కూర్చున్నాను. ఆయన కూడా ఒక కంచం తెచ్చుకుని నా పక్కన చతికిలబడి, "మూడ్రోజులైంది సరిగ్గా తిని. వడ్డించవే" అన్నాడు అత్తతో. గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. నాలుగోసారి పెరుగన్నం కూడా తినగలననిపించింది, తిన్నాను కూడా.

"ఇందాక ఏదో మెర్సీ అన్నావే, అంతకు ముందువాళ్లు దాన్నేమనేవారు?" అని కూర కలుపుకుంటూ అడిగాడు మావయ్య.

"'ఆర్' అనేవారు మావయ్యా, ఫ్రెంచివాళ్లు రాకముందు. దయ అన్నా అదే, గౌరవం అన్నా అదే."

"వాళ్లు నయం," అన్నాడు మావయ్య.

భోజనాలయ్యాక పిలుపు సంగతి వచ్చింది. కుంకుమ లేదు, బట్టల్లేవు, కార్డు లేదు. అత్త నవ్వలేక చచ్చింది. తన కుంకుమ భరిణే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరికీ బొట్టు పెట్టాను. అలవాటు లేని చెయ్యి కదా, మావయ్య బొట్టు కనుబొమ్మ మీదికి జారింది. కార్డు బదులు ఫోన్ తెరిచి చూపించాను. అత్త దాన్ని లాక్కుని నాలుగు మూలలా తడి పసుపు రాసి, మావయ్య చేతికిచ్చింది. ఆయన కళ్లకద్దుకున్నాడు. ఆ పసుపు లోపలికి వెళ్లి, ఆ ఫోన్ స్పీకర్ మళ్లీ పలకలేదు.

పెళ్లిరోజు మావయ్య అందరికంటే ముందొచ్చి మండపంలో కూర్చున్నాడు. ముహూర్తానికి శిరీషని బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాడు. మా చెల్లి కొంచెం బొద్దుగా ఉంటుంది, ఈ మాట తనకి చెప్పకండి. నేను ఫోటో కోసం ఎదురుగా నిలబడ్డాను. మావయ్య ఒగరుస్తూ వచ్చి, మనిషి బరువూ బుట్ట బరువూ కలిపి నా కుడికాలి బొటనవేలు మీద అడుగేశాడు. గోరు అక్కడికక్కడే నల్లబడింది.

మధ్యయుగపు ఇంగ్లీషువాడైతే ఆగి, 'ఐ క్రై యూ మెర్సీ', అంటే నన్ను క్షమించు, అనేవాడు. మా మావయ్య ఆగలేదు.

"అడ్డంగా నిలబడతావేంట్రా గాడిదా, తప్పుకో!" అని అరిచి, బుట్టతో మండపంలోకి వెళ్లిపోయాడు.

బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ నేను ఎంత ఆనందించానో చెప్పలేను. సారూ లేదు, పూజ్యులూ లేదు, నన్ను గాడిదా అని పిలిచాడు! ఆ వాచిన వేలి సాక్షిగా, నా నాలుగో అధ్యాయం మీద చెయ్యేసి, అగ్నిహోత్రం ఎదురుగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరి ఇంటికీ ఖాళీ కడుపుతో క్షమాపణ అడగడానికి వెళ్లను, వెళ్లినా నోరు తెరిచేది ముద్ద పెట్టుకోవడానికే.