కప్పు ఊపని ఇంజనీరు

మా బావ జహ్రాన్ ఇరవై రెండేళ్ళుగా మా ఎడారి ఊరు ఇబ్రీలో నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాడు. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చి పంపే పైపులైను మా వీధి మొగదాకా వచ్చాక, ట్యాంకరుకు రోజులు చెల్లాయని అందరికంటే ముందు గ్రహించినవాడూ అతనే. ఇంటింటికీ కుళాయి కలిపే పనికి చిన్న కాంట్రాక్టరుగా పేరు రాయించుకుందామనుకున్నాడు. దరఖాస్తు మీద లైను ఇంజనీరు సంతకం పడాలి. గురువారం రెండింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. అదే ఆఖరి రోజు.

ఆ గురువారం పన్నెండింటికి ఇంజనీరు యూన్ గారు మా వీధిలో కొలతలకు వచ్చి, బావ పిలిస్తే లోపలికి వచ్చారు. కొరియా నుంచి దిగి పది రోజులే అయింది. మహా మర్యాదస్తుడు. అదే మా కొంప ముంచింది.

అతిథి కాఫీ తాగుతుండగా సొంత పని ఎత్తడం మాలో లేదు. చాలనుకుంటే అతిథే ఆ చిన్న ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపుతాడు. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. పోసేవాణ్ణి నేను. మా పద్ధతి తెలియక, పోసింది వదిలేస్తే తప్పని యూన్ గారు, ఊపకుండా ఆపితే తప్పని నేను.

ఎనిమిదో కప్పుకు ఆయన నుదురు చెమర్చింది. తలుపు వెనక నుంచి మా అక్క సాలిమా గొణిగింది.

"ఒరేయ్, ఇంకెంత పోస్తావు? ఆయనేమన్నా ట్యాంకరా?"

"ఊపడం లేదక్కా, నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వొకటి తాగి ఊపి చూపించు."

తాగాను, ఊపాను. యూన్ గారు ముచ్చటగా చూసి, తన కప్పు మళ్ళీ రెండు చేతులా చాపారు.

"బావా, చెప్పేద్దామా?" అన్నాను.

"ఇంటికొచ్చినవాణ్ణి ఇక చాలించవయ్యా అంటామా? పొయ్యి."

ఒంటిగంటన్నర దాటింది. బావ దరఖాస్తును మోకాలి కింద దాచి, ఆయనతో ఎండల గురించి మాట్లాడుతున్నాడు.

పదిహేడో కప్పు దగ్గర యూన్ గారి చెయ్యి వణికింది. ఆ వణుకునే ఊపుగా లెక్కేసుకుని కప్పు లాగేసుకున్నాను. అప్పటికి రెండూ పది. బావ మోకాలి కిందినుంచి దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఇందుకేనా? ముందే చెప్పాల్సింది," అన్నారాయన వచ్చీరాని అరబ్బీలో, సంతోషంగా సంతకం పెడుతూ.

మేం వెళ్ళేసరికి ఆఫీసు తాళం వేసి ఉంది. బావ కాగితాన్ని తలుపు సందులోంచి లోపలికి తోయబోయి, ఎవరైనా తొక్కుతారని ఆగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.