వేలికి తగలని మచ్చ

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా వీధి మొత్తానికి ఒకటే కారు ఉండేది. మా ఎదురింటి పలకల షావుకారుది. నల్లటి కారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయి ఉంటుంది. మా ఊరు అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేది. నేను డైరీ రాయడం పదిహేనో ఏట మొదలుపెట్టాను కాబట్టి ఈ సంగతి జరిగిన తేదీ నా దగ్గర లేదు. ఒంటిపూట బడి రోజులని మాత్రం గట్టిగా చెప్పగలను. నాకు తొమ్మిదేళ్ళు.

ఆ ఏడు నా కుడి మణికట్టు మీద ఒక తెల్లమచ్చ లేచింది. మొదట మినపగింజంత. నెలలు గడిచేసరికి చేతి మీదంతా పాకి వేళ్ళ మొదళ్ళ దాకా వచ్చింది. నొప్పి లేదు, దురద లేదు. నాటువైద్యుడు బావంచాల గింజలు నూరిన ముద్ద ఇచ్చాడు. అది పూసుకుని ఎండలో కూర్చుంటే చర్మం బొబ్బలెక్కింది గానీ మచ్చ కదలలేదు. అమ్మ నాకు పొడుగు చేతుల జాకెట్లు కుట్టించింది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయితే అన్నం పెట్టేటప్పుడు అమ్మ చూపు నా చేతిని తప్పించుకుని కంచం మీదికి పోవడం నాకు తెలిసేది.

బడిలో మాత్రం అది దాగలేదు. విరామంలో ఆడపిల్లలం ఇద్దరిద్దరం చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఆట ఒకటి ఉండేది. ఒకరోజు నా జోడు పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"మాయమ్మ పట్టుకోవద్దని చెప్పింది. అంటుకుంటాదంట."

కోపంతో అన్న మాట కాదది. వాళ్ళమ్మ చెప్పింది చెప్పిందంతే. మరునాటికి ఇంకొక పిల్ల, "సున్నం చెయ్యి వచ్చింది, జరగండే!" అని అరిచింది. అందరూ నవ్వుతూ పక్కకు పరుగెత్తారు. వారం తిరిగేసరికి నాతో తిరగడానికి ఎవరూ మిగల్లేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఎన్ని జతలు తిరుగుతున్నాయో లెక్కపెట్టుకునేదాన్ని. జోడు లేక ఒక పిల్ల మిగిలినప్పుడు కూడా నన్ను ఎవరూ పిలవలేదు.

మధ్యాహ్నాలు షావుకారు కారు షెడ్డు గడప మీద కూర్చునేదాన్ని. ఆయన కారు నడిపే డ్రైవరు రాచర్ల మనిషి. భార్యాపిల్లలు, గొర్రెలు అక్కడే. ఆయన మాత్రం ఇక్కడ షెడ్డులోనే వండుకుని, షెడ్డులోనే పడుకునేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనకు మాటలు తక్కువ. నేను కూర్చుంటే వద్దనేవాడు కాదు, రమ్మనేవాడూ కాదు.

ఆ రోజు కారు శ్రీశైలం పోయి వచ్చింది. పెద్దదోర్నాల దగ్గర రోడ్డుకు కొత్తగా తారు వేస్తున్నారట. తలుపుల కింద అంతా నల్లని చుక్కలు గట్టిపడి ఉన్నాయి. ముందు రేకు మీద వేపజిగురు, పిట్టల రెట్టలు. మామ ఒక్కదాన్నీ గీకలేదు. తారు మీద వేరుశెనగ నూనెలో ముంచిన గుడ్డ అద్ది వదిలేశాడు. జిగురు మీద వేడినీళ్ళ గుడ్డ, రెట్టల మీద మామూలు తడిగుడ్డ పరిచాడు. పరిచి, బీడీ ముట్టించి కూర్చున్నాడు. ఆ తర్వాత గుడ్డలు తీసి మెల్లగా తుడుస్తుంటే ఒకటి రెండు చిన్న చుక్కలు తప్ప మచ్చలు వాటంతటవే వదిలి వచ్చాయి. చివర కుంకుడు నురుగుతో నూనె కడిగేశాడు.

షావుకారు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. వెనక తలుపు మీద అరచేయంత మేర రంగు పాలిపోయి ఉంది. దాని దగ్గర ఆగాడు.

"ఏమబ్బా, అన్నీ పోయినాయి, ఇదెందుకు పోలా? చేతులు నొప్పి పుట్టినాయా?"

"అది పోయేది కాదయ్యా."

"పోవాల. రేపు పెండ్లికి పోతాండాం. నలుగురూ చూస్తారు."

షావుకారు వెళ్ళాక నేను అడిగాను. "ఏ మచ్చయినా పోతాదా మామా?" మామ గుడ్డ పిండుకుంటూ తలెత్తకుండా, "దేనికి వాడాల్సింది దానికి వాడితే పోతాదమ్మా" అన్నాడు.

ఆయన కారు సంగతి చెప్పాడు. నేను నా చేతి సంగతిగా విన్నాను.

మాది పలకల ఊరు. మా నాయన పలకల కార్ఖానాలో మేస్త్రీ. మాకు తెలిసిన నునుపు ఒక్కటే: గరుకు రాయి పెట్టి, నీళ్ళు చల్లుతూ రుద్దితే వచ్చేది. ఎంత గీతలు పడిన పలకైనా అట్లా రుద్దితే నల్లగా తేలుతుంది. నా చేతికి వాడాల్సింది అదేనని నాకు ఏ అనుమానమూ లేకుండా తోచింది. నాయన పనిముట్లలోంచి రాతిముక్క తీసుకుని పెరట్లో తొట్టి దగ్గర కూర్చున్నాను. పళ్ళు బిగబట్టి రుద్దాను. మరుసటి రోజు బడికి నల్లని చేతితో పోవాలి, అంతే నా ఆలోచన. నీళ్ళు ఎర్రబడేదాకా ఆపలేదు.

ఇంట్లోకి పోతే అమ్మ చూస్తుంది. లంగా అంచు చేతికి చుట్టుకుని షెడ్డుకు పరుగెత్తాను.

"మామా, ఆ నూనె కొంచెం ఇయ్యవా? దీనికి పెట్టుకుంటా."

ఆయన లంగా అంచు విప్పి చూశాడు. "ఎవరు చేసినారమ్మా ఇది?"

"నేనే. రాయితో."

ఆయన తిట్టలేదు. కుండలో నీళ్ళతో కడిగి, తన తువ్వాలు అంచు చించి కట్టు కట్టాడు. తర్వాత నన్ను కారు దగ్గరకు తీసుకుపోయాడు.

"కండ్లు మూసుకో. వేలు పెట్టి జరుపుతా పో. యాడ తగిలితే ఆడ చెప్పు."

ఎడమచేతి వేలు రేకు మీద జరిపాను. ఒకచోట గరుకుగా తగిలింది. తుడవగా మిగిలిన తారు చుక్క. ఇంకొకచోట ఎత్తుగా తగిలింది, జిగురు. తర్వాత ఆయన నన్ను భుజం పట్టి కారు వెనక వైపుకు నడిపించాడు.

"ఇప్పుడు షావుకారు చెప్పిన మచ్చ యాడుందో చెప్పు."

వేలు పైకి, కిందికి, అడ్డంగా జరిపాను. అంతా ఒకటే నునుపు. ఎంత వెతికినా దొరకలేదు.

"తెలీదు మామా."

"తెలీదు. ఆడ ఏమీ అంటుకోలా. వేలికి తగిలేది బయట నుంచి వచ్చింది, దాన్ని తీయొచ్చు. తగలనిది బండి రంగే. దాన్ని రుద్దితే పోయేది మచ్చ కాదు, బండి."

నేను కళ్ళు తెరవబోయాను. ఇంకా తెరవొద్దన్నాడు. నా ఎడమచేతి వేలు పట్టుకుని కుడి మోచేతి దగ్గర పెట్టి, కట్టు దాకా మెల్లగా నడిపించాడు. మళ్ళీ కట్టు దాటి వేళ్ళ మీదుగా గోళ్ళ దాకా. నల్లచర్మం ఎక్కడ ఆగిందో, తెల్లది ఎక్కడ మొదలైందో నా వేలికి తెలియలేదు. ఆ తర్వాత ఆయన ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. నూనె వాసన, బీడీ వాసన. అప్పటికి ఎన్నో వారాలుగా ఆ చేతిని వైద్యుడు తప్ప ఎవరూ పట్టుకోలేదు. నేను ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆ చేతిని వదల్లేదు.

ఆ సాయంత్రం షావుకారు కేకలు మా ఇంటిదాకా వినిపించాయి. "పోదయ్యా. ఇంకొకరిని పెట్టుకున్నా పోదు" అని మామ చెప్పడమూ వినిపించింది. మరునాడు ఆ కారు ఆ మచ్చతోనే పెళ్ళికి పోయింది.

బడిలో ఏమీ మారలేదు. నేను గోడ దగ్గరే నిలబడ్డాను. కాకపోతే ఉక్కగా ఉందని జాకెట్టు చేతులు పైకి మడుచుకున్నాను. వానాకాలానికి మామ పని మానుకుని రాచర్ల వెళ్ళిపోయాడు. నేను బడిలో ఉన్నప్పుడు వెళ్ళాడు. ఆయన్ను మళ్ళీ చూడలేదు.

పాతికేళ్ళ వయసుకు మచ్చలు ముఖానికి కూడా వచ్చాయి. తాలూకా ఆఫీసులో, మండలాలు వచ్చాక మండలాఫీసులో, ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. నా చేతి నుంచి కాగితం తీసుకునేవాళ్ళు దాని చివరి అంచు పట్టుకునేవారు. పెళ్ళి మాట రాలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఉక్క రోజుల్లో పొడుగు చేతుల జాకెట్టు మాత్రం మళ్ళీ వేసుకోలేదు.

ఇప్పుడు గిద్దలూరు బస్సులో అప్పుడప్పుడు పక్క సీటు పిల్లలు నా చేతి వంక చూస్తూ ఉంటారు. ధైర్యమున్న పిల్ల ఎవరైనా, "ఏంది అవ్వా ఇది?" అని అడుగుతుంది. కళ్ళు మూసుకుని ముట్టుకుని చూడమంటాను. కొంతమంది ముట్టుకుంటారు. చాలాసార్లు తల్లి ఆ పిల్ల చేతిని వెనక్కి లాక్కుంటుంది. నేను మాత్రం నా చేతిని వెంటనే తీసేసుకోను. ఆ పిల్ల మళ్ళీ ఇటు తిరుగుతుందేమోనని, దిగే ఊరు వచ్చేదాకా అట్లాగే ఒడిలో తెరిచి ఉంచుతాను.