రస్తాళో, మొంతనో తెలియని మా పెరటి అరటి

చిన్నప్పుడు ఒక వానాకాలం సాయంత్రం... నల్లంపల్లి నుంచి ధర్మపురికి వచ్చే బస్సులో తడిసిన గోనెసంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాం, అమ్మా నేనూ. సంచిలో రెండు అరటి పిలకలు. బస్సంతా పచ్చిమట్టి వాసన...

నల్లంపల్లి మా అమ్మ పుట్టిల్లు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని, తాత ఇంటి పెరడంతా అందులో పోతుందని తెలిసి అమ్మ నన్ను వెంటబెట్టుకుని పరుగున వెళ్ళింది. ఆ పెరట్లో అవ్వ నాటిన అరటిచెట్లు ఉండేవి. అవ్వ అప్పటికే లేదు. ఒకపక్క రస్తాళి, ఇంకోపక్క మొంతన్. రస్తాళి తినే పండు... పల్చటి తోలు, కాస్త పులుపు కలిసిన తీపి. మొంతన్ కూరకాయ. అమ్మ మనసంతా రస్తాళి మీదే. తాత మాత్రం, "రెండూ ఎత్తుకొని పోమ్మా. మీయమ్మ చేత్తో పెట్టినవి" అన్నాడు.

పిలకలు రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. అమ్మ నా జడ రిబ్బను విప్పి, గుర్తుగా రస్తాళి పిలకకు కట్టింది. ఇంటికొచ్చి సంచి బోర్లిస్తే... రిబ్బను ఊడిపోయి విడిగా బయటపడింది.

"ఇప్పుడు ఏది ఏదమ్మా?" అన్నాను.

"రెండూ నాటుదాం పాపా. పెరిగితే అదే తెలుస్తాది."

ఒకటి స్నానాల నీళ్ళు పారేచోట, ఇంకొకటి గోడవార నాటాం. తర్వాత ముసురు పట్టింది... గోడవార నీళ్ళు నిలిచి అక్కడి పిలక కుళ్ళిపోయింది. అమ్మ పట్టి లాగితే దుంప మెత్తగా చేతిలోకి వచ్చేసింది. దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది. పోయింది రస్తాళా, మొంతనా? ఎవరికీ తెలియదు. మళ్ళీ తెచ్చుకుందామంటే నల్లంపల్లి పెరట్లో అప్పటికే మట్టి తవ్వే యంత్రాలు దిగాయి.

మిగిలింది ఏదో కనిపెట్టాలని నాకు ఒకటే ఆరాటం. నిద్ర లేవగానే దాని దగ్గరికే పోయేదాన్ని. గొట్టంలా చుట్టుకుని వచ్చే కొత్త ఆకు ఎలా విప్పుకుంటుందో చూస్తూ కూర్చునేదాన్ని... ఆకులు తిప్పి అడుగున ఏమైనా ఆనవాలు ఉందేమోనని వెతికేదాన్ని. కానీ దేనికోసం వెతకాలో తెలిస్తే కదా...

"మా అన్నను పిలిచి చూపిస్తే సరిపోతాది గదా" అనేవాడు నాయన.

"గెలేస్తే తెలుస్తాదిలే. ఏమి తొందర?" అనేది అమ్మ.

నాయన వాళ్ళ అన్న, అంటే మా పెద్దనాయన, సోగత్తూరులో తోట చేసేవాడు. ఒక ఆదివారం నాయన వెంట అక్కడికి పోయినప్పుడు నేనే అడిగేశాను.

"పెద్దనాయనా, కాయ లేకపోయినా రస్తాళిని గుర్తు పట్టొచ్చా?"

ఆయన నన్ను ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఆకు కాడ కిందికి వంచాడు. "ఇదో, ఈ అంచు చూడు. ఎర్రగా గీత గీసినట్ల ఉండాది గదా. ఇది రస్తాళి." తర్వాత ఇంకో చెట్టు చూపించి, "దీని బోదె మీద వేలితో రుద్దు" అన్నాడు. రుద్దాను. వేలికి తెల్లటి పొడి అంటింది... బూడిదలా.

"అది మొంతన్. మీ చెట్టు ఎట్లుండాది?"

"తెలీదు పెద్దనాయనా, పోయి చూస్తాను."

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పరిగెత్తాను. కాడ వంచాను... ఎర్ర గీత లేదు. బోదె మీద రుద్దాను... వేలు తెల్లబడింది.

కనిపెట్టేశానన్న సంతోషం ఒక్క క్షణమే. వెనకనుంచి అమ్మ అంట్లు కడిగిన నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. అమ్మ ముఖం చూసి, వేలు పావడాకు తుడిచేసుకున్నాను.

కొన్నాళ్ళకు ఊదారంగు పువ్వు బయటికి వచ్చి కిందికి వంగింది. ఒక్కో దొప్ప పైకి లేస్తుంటే దాని కింద వరసగా పిందెలు... అవి లావెక్కుతూ, పలకలు పలకలుగా తేలాయి. ఇక దాచేందుకు ఏమీ లేదు.

"అమ్మా... ఇది మొంతన్" అన్నాను మెల్లగా.

"తెలుసులే."

"ఎప్పటినుంచి?"

"నా నడుమెత్తు ఉన్నప్పుడే ఆ బూడిద చూసినాను. మా అమ్మ పెరట్లో పెరిగినదాన్ని, నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేమి?"

"నువ్వు లేస్తానే పోయి ఆకులు తిప్పి తిప్పి చూస్తా ఉంటివి. చెప్పేస్తే చూసేది మానుకుంటావని ఊరకుంటిని." నా వైపు తిరిగి, "నీకెప్పుడు తెలిసె?" అంది.

సోగత్తూరు సంగతి చెప్పాను.

"నాకోసరం దాచిపెట్టినావా..." అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ కాయలు ఉడికించి, తురిమి, ఆవాలూ కొబ్బరీ వేసి పొడికూర చేసింది. తాతకు కూడా పంపింది. తర్వాత పెద్దనాయన తోటనుంచి ఒక రస్తాళి పిలక తెచ్చి, నాటేముందు నన్ను పిలిచింది. "బాగా చూసి చెప్పు పాపా, ఇది అదేనా?" నేను కాడ వంచి, అంచు చూసి, ఔనన్నాకే గుంత తవ్వింది. ఆ రోజు నేనెంత పెద్దదాన్ని అయిపోయానో...

ఇప్పుడు ఆ పెరడు లేదు. అక్కడ అద్దె గదులు లేచాయి. నేను హోసూరులో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మొన్న మా పాప అరటిపండు ఒలుస్తూ, "అమ్మా, ఇది ఏ రకం?" అని అడిగింది. అటూ ఇటూ తిప్పి చూశాను... ఎక్కడ పెరిగిందో, దాని ఆకు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని పండు. తెలీదమ్మా అన్నాను. అది ఊరుకోలేదు, ఇంకా అడుగుతూనే ఉంది.

మీ పెరట్లో ఏ అరటి ఉండేది... కాయ కాయకముందే ఎలా పోల్చుకునేవారు? తెలిసినవాళ్ళు కింద రాయండి. మా పాపకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు... నేను పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.