శ్రుతి చూసి కొన్న యంత్రం

తివాచీలోని దుమ్మంతా పాకే పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే? పోనీ వాక్యూమ్ క్లీనర్‌తో లాగేద్దామంటే, దాని మోత వినగానే మా పాప గుక్కపట్టి ఏడుస్తుంది. ఈ బెంగ చెప్పుకుంటే పై అంతస్తు పిన్నిగారు పకపకా నవ్వారు. ఆవిడ సంగీతం టీచరు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి. వాక్యూమ్ కొనేటప్పుడు, తిరిగే బ్రష్షు ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆన్ చేయించి, కళ్లు మూసుకుని విన్నారట. "అమ్మా, ఇవి హార్మోనియాలు కావండీ" అని కొట్టతను మొత్తుకున్నా వినకుండా, మంద్రంగా మోగేదే తెచ్చుకున్నారు. తివాచీ మీద దాన్ని తోస్తూ, ఆ మోతకే గొంతు కలిపి పాడతారు. శ్రుతి పెరిగిందంటే లోపలెక్కడో గాలికి ఏదో అడ్డుపడినట్టే. వెంటనే పాట ఆపి, దాని దుమ్ము సంచి బయట దులిపి, బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో తీసేసి, పాట వదిలిన చోటే మళ్లీ అందుకుంటారు.

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి మా యంత్రం ఆన్ చేశారు. పాప పెదవి విరిచింది. పిన్నిగారు పాప ఎదురుగా చతికిలబడి, సరిగ్గా ఆ మోత శ్రుతిలోనే "ఊఁ..." అని అందుకున్నారు. పాప ఏడవబోయి ఆగింది. ఆవిడ నోటి వంక చూసి, తనూ "ఊఁ" అంది. సంతోషం పట్టలేక నేనూ గొంతు కలిపాను.

"నీ గొంతుకంటే ఆ యంత్రమే నయం. అయినా ఫర్వాలేదు," అన్నారు పిన్నిగారు. "దాన్ని ముందు మొదలెట్టనివ్వకమ్మాయ్. నువ్వు ఊఁ అని, పిల్ల ఊఁ అన్నాకే స్విచ్ నొక్కు."

ఇప్పుడు మా ఇంట్లో పాప ఊఁ అంటే గాని వాక్యూమ్ కదలదు.