పోలా నాడు కడిగిన గడ్డి మిషన్

మా బావ పోయిన పదకొండో రోజు, వచ్చినవాళ్లందరూ ఆయన్ని బంగారమన్నారు. ఆయనే ఉంటే ఎన్ని తులాలని అడిగేవాడు. ఆయన బంగారమేమీ కాదు. మా అక్క మొగుడు, మొండిమనిషి, ఏ సంగతైనా ఎద్దుల లెక్కలోకి మార్చుకుంటే తప్ప ఒప్పుకోనివాడు. నాకు బాగా తెలిసిన ఒక్క ముచ్చట రాసి పెడతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఆయన సిరోంచలో, ప్రాణహిత ఒడ్డు మీది సర్కారు గెస్ట్ హౌస్‌లో రోజుకూలీ. బంగళా చుట్టూ పెద్ద గడ్డి మైదానం. వానాకాలం ఆ గడ్డి కొడవళ్లకు లొంగేది కాదు. ఒక కొస నుంచి కోసుకుంటూ రెండో కొసకు చేరేసరికి మొదటి కొస మళ్లీ పెరిగేది. ఒక ఎండాకాలం నాగపూర్ నుంచి లారీలో గడ్డి కోసే మిషన్ వచ్చింది. మీద కూర్చుని నడిపేది. సీటు, స్టీరింగు, నాలుగు చక్రాలు, కడుపు కింద తిరిగే బ్లేడ్లు. బావ అంతకుముందు ట్రాక్టర్ తోలాడు కనుక దాన్ని ఆయనకు అప్పగించారు. గెస్ట్ హౌస్ చూసుకునే సాహెబ్ ఒక మాట కూడా అన్నాడు. ఏడాది పాటు మిషన్ చెడి పని ఆగకుండా చూసుకుంటే, పర్మనెంట్ చేయమని పైకి పంపే కాగితంలో బావ పేరు రాస్తానని.

ఈ వార్త విన్నప్పుడు మా అక్క బియ్యం చెరుగుతోంది.

"ఇంటెనుక గడ్డి పీకుమంటే నడుం నొస్తదంటడు. ఆడనైతే కుర్చీల కూసోని కోస్తడట. మంచి నౌకరే దొరికింది మీ బావకు," అంది నాతో.

మిషన్‌తో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను మరాఠీ బడిలో మాస్టర్‌ని, ఏ కాగితం దొరికినా చదివే అలవాటున్నవాణ్ని. ఆదివారాలు షెడ్డు ముందు కూర్చుని ఒక్కో పేజీ చదివి చెప్పేవాణ్ని.

"ఇంజన్ వేడి మీదున్నప్పుడు పెట్రోల్ పొయ్యద్దట బావ. సల్లారేదాక ఆగాలట."

"గింతదానికి ఇంగ్లీష్ల రాసిండ్రా? అరక ఇడువంగనే ఎడ్లకు నీళ్లు తాపుతమా? జర దమ్ము తీసుకోనియ్యాలె."

"ట్యాంకు నిండ పొయ్యద్దట. ఎండకు పెట్రోల్ ఉబ్బుతదట. పైన రెండు వేళ్ల జాగ ఇడువాలె."

"ఇంకేందట?"

"బ్లేడ్ల కింద చెయ్యి పెట్టేముందు ప్లగ్గు వైరు పీకాలె. లేకుంటే బ్లేడు తిప్పంగనే ఇంజన్ అందుకోవచ్చట."

ఈసారి ఆయన వెటకారం చేయలేదు. కొంచెం ఆలోచించాడు. "నాడాలు కొట్టేటప్పుడు ఎద్దును పండవెట్టి కాళ్లు కడతం. గదే ఇది." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చదివేదంత మా అయ్యకు ఎరికే. నీ జీతం ఆయనకు ఇయ్యాలె బామ్మర్దీ," అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని ప్రతి జాగ్రత్త పక్కనా పెన్సిల్‌తో ఎద్దు బొమ్మ గీసుకున్నాడు. ప్లగ్గు వైరు దగ్గర ఎద్దుకు కాళ్లు కట్టి ఉంటాయి. పెట్రోల్ దగ్గర నాలుక బయటికి వచ్చి ఉంటుంది. బొమ్మలు బాగా లేవు, కానీ నియమాలు తప్పేవాడు కాదు. బీడీ కట్ట, అగ్గిపెట్టె గేటు దిమ్మె మీద పెట్టి లోపలికి వచ్చేవాడు. ఒకసారి సాహెబే సిగరెట్‌తో షెడ్డులోకి రాబోతే, తలుపుకు అడ్డం నిలబడి, సిగరెట్ అయిపోయేదాకా నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

అలాంటి మనిషి పోలా నాడు తప్పు చేశాడు.

పోలా ఎడ్ల పండుగ. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, కడుపు నిండా పెడతారు. ఆ ఏడు పండుగ అయిన రెండో రోజు పైనుంచి ఒక పెద్ద సాహెబ్ వచ్చేది ఉంది. మా సాహెబ్ పండుగ నాడే గడ్డి కోయడం మొదలుపెట్టమన్నాడు. బావ వినలేదు. మిషన్ కూడా ఎద్దేనని, ఆ రోజు దానికి సెలవని, రేపు ఒక్క రోజులో మొత్తం కోస్తానని మాటిచ్చాడు.

తర్వాత పైపు పెట్టి మిషన్‌ను కడిగాడు. ఎద్దు ముక్కు కడిగినట్టు, గాలి పీల్చే ఫిల్టర్ మూత తీసి అందులోకి కూడా నీళ్లు కొట్టాడు. ముందు బానెట్‌కు పసుపు పూశాడు. పండుగ పూట అర్ధాకలి ఏందని ట్యాంకు అంచుదాకా పెట్రోల్ పోశాడు. నేను రెండు వేళ్లు చూపించాను.

"రేపటిసంది నీ రెండు వేళ్లు. ఇయ్యాల పండుగ," అన్నాడు.

అక్క హారతి పళ్లెంతో వచ్చింది. అప్పుడు మాత్రం ఆయనకు పుస్తకం గుర్తొచ్చింది.

"ఆడనే ఆగు. గేటు కాడ. పెట్రోలుంది."

"గేటు కాడికెల్లి హారతిస్తే మిషన్‌కా, గేటుకా?"

"అదే సూస్కుంటది. నువ్వు తిప్పు."

అక్క గేటు బయట నిలబడి, దూరంగా ఉన్న మిషన్ వైపు పళ్లెం తిప్పింది. దారిన పోయేవాళ్లు ఆగి గేటుకు దండం పెట్టుకుని పోయారు.

తెల్లారి షెడ్డు తలుపు తీస్తే పెట్రోల్ వాసన గుప్పుమంది. ముందు రోజు మధ్యాహ్నం ఎండకు ఉబ్బి ట్యాంకు మూత పక్క నుంచి కారినట్టుంది. బావ తాళంచెవి జేబులోనే ఉంచుకుని తలుపులన్నీ తెరిచాడు. ఇద్దరం మిషన్‌ను బయటికి నెట్టి, కారిన చోటంతా తుడిచి, వాసన పోయేదాకా కూర్చున్నాం. అప్పుడు తాళం తిప్పాడు. గుర్రుగుర్రుమంది తప్ప అందుకోలేదు.

ఫిల్టర్ నీళ్లతో ఉబ్బి ఉంది. పుస్తకం చూశాను. దాన్ని విడిగా తీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలని రాసి ఉంది. ఆ పేజీ పక్కన ఎద్దు బొమ్మ లేదు. మేం అక్కడిదాకా చదవనే లేదు.

సాహెబ్ వస్తున్నాడని కబురొచ్చింది. బావ ముఖం నల్లబడింది. ఆ కాగితంలో పేరు ఇక ఉండదని ఇద్దరికీ తెలుసు.

"పెట్రోల్ల నీళ్లున్నయని చెప్పు బావ. బంకు మీదికి పోతది," అన్నాను.

"బంకోడు కడిగిండా దీని ముక్కు?"

సాహెబ్ వచ్చాక ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "నేనే కడిగిన సాహెబ్. పోలా కద." సాహెబ్ వార్ధా వైపు రైతు కుటుంబంవాడు. బానెట్ మీది పసుపును చాలాసేపు చూశాడు. హారతి ఇచ్చారా అని మరాఠీలో అడిగాడు.

"ఇచ్చినం సాహెబ్. గేటు కాడికెల్లి."

సాహెబ్ ముఖం నది వైపు తిప్పుకున్నాడు. నవ్వాడో కోపం ఆపుకున్నాడో తెలియదు. సాయంత్రం దాకా చూస్తానని వెళ్లిపోయాడు.

బావ ప్లగ్గు విప్పి తుడిచి, కార్బురేటర్‌లో చేరిన నీళ్లు దింపేశాడు. అక్క ఫిల్టర్‌ను పాత చీర పేలికలో పిండి, మబ్బు పట్టి ఎండ లేకపోవడంతో చాటతో విసురుతూ కూర్చుంది. "ముక్కుల నీళ్లు పోస్తే ఎద్దుకైన సర్ది అయితది. అల్లం చాయ్ తాపుండ్రి," అంది. బావ తల వంచుకుని ప్లగ్గు బిగించాడు. నేను చూసినంతలో ఆమె గెలిచింది ఆ రోజే.

మధ్యాహ్నం తర్వాత ఇంజన్ అందుకుంది. చదును నేలంతా కోసేసరికి వాన మొదలైంది. ఇక నది వైపు ఏటవాలు ఒక్కటే మిగిలింది. మిషన్‌తో అయితే పది నిమిషాల పని. బావ అంచుదాకా తోలి, ఆపి, దిగాడు.

"కోసెయ్ బావ, పొద్దుగూకుతుంది."

"తడి కట్ట మీద ఎద్దును తోల్తమా?" అని కొడవలి తెచ్చుకున్నాడు. నేనొకటి, అక్కొకటి పట్టుకున్నాం. చినుకుల్లో ముగ్గురం వంగి కోస్తుంటే సాహెబ్ వరండాలో నిలబడి చూశాడు.

మర్నాడు పెద్ద సాహెబ్ కుండపోతలో వచ్చి, కిటికీలు మూయించి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. గడ్డి వైపు చూడలేదు.

ఏడాది తిరిగాక సాహెబ్ కాగితం పంపాడు. అందులో బావ పేరుంది. ఎందుకు రాశాడో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. పర్మనెంట్ ఆర్డరూ వచ్చింది. ఆ తర్వాత ప్రతి పోలాకూ మిషన్‌కు సెలవే. ఆయిల్ మార్చడం, బ్లేడ్లు పదును పెట్టడం, ఫిల్టర్ విడిగా కడగడం ఆ రోజే.

పోయిన నెలలో, అక్కకు రావాల్సిన పింఛన్ కోసం పర్మనెంట్ ఆర్డర్ కావాలంటే అక్కా నేనూ ఇల్లంతా వెతికాం. చివరికి ఆ ఇంగ్లీషు పుస్తకంలో, ఫిల్టర్ పేజీలో దొరికింది. పక్కన పెన్సిల్ ఎద్దు, ముక్కులోంచి నీళ్లు కారుతూ.

"మా పెండ్లి ఫొటో ఏడుందో ఎరుక లేదు. ఇది మాత్రం భద్రంగ పెట్టిండు," అంది అక్క.

నేను కాగితం తీసుకుని పుస్తకాన్ని బావ ఫొటో ముందు, దీపం పక్కన పెట్టాను. అక్క వెంటనే దాన్ని తీసి ఎదుటి గోడ గూట్లో పెట్టింది.

"పెట్రోల్ వాసనొస్తుంది. దీపం కాడ పెడితే కొట్లాడుతడు."